పదిహేడు కేస్ షీట్లు

2020 మార్చి 22 సాయంత్రం ఐదింటికి మా అపార్ట్‌మెంట్‌లో అందరూ బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. వీడియో తీసి మా పెద్దమ్మ కూతురికి వాట్సాప్‌లో పంపాను. అక్క ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. రాత్రి పదకొండు దాటాక జవాబొచ్చింది: "చప్పట్లు బాగున్నాయి తమ్ముడూ. మాస్కులే లేవు." ఏం రాయాలో తెలీక ఓ దండం బొమ్మ పెట్టేసి పడుకున్నాను.

ఆ లాక్‌డౌన్ రోజుల్లో అంటురోగాల చరిత్ర మీద దొరికిందల్లా చదువుతుంటే మాథ్యూ లుక్వియా పేరు తగిలింది. ఉగాండా ఉత్తర భాగంలో ఒక ఆసుపత్రి నడిపిన డాక్టరు. 2000లో వచ్చిన ఎబోలాని పట్టుకున్నది ఆయనే. చివరికి ఆయన్ని పట్టుకున్నదీ అదే. అక్కడి వాళ్ళు ఆయన్ని ఇంటిపేరుతో కాకుండా 'డాక్టర్ మాథ్యూ' అనే పిలిచేవారు. ఆయన మీద వచ్చిన రాతల్లో చాలావరకు ఆయన చావు చుట్టూనే తిరుగుతాయి. చదివితే కళ్ళు చెమ్మగిల్లుతాయి, నిజమే. నాకు మాత్రం చాన్నాళ్ళు మనసులో ఉండిపోయింది ఒక రాత్రి ఆయన వరసగా ముందేసుకుని చదివిన పదిహేడు కేస్ షీట్లు. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

*

లుక్వియా 1957లో కిట్గుమ్‌లో పుట్టాడు. సూడాన్ సరిహద్దుకి దగ్గర్లో, అచోలి జనం ఉండే ప్రాంతం. తండ్రి చేపలమ్మేవాడు. మాథ్యూకి పన్నెండేళ్ళప్పుడు నీళ్ళలో మునిగి చనిపోయాడు. తల్లి చిల్లర వ్యాపారం చేసేది. టీపొడి దొంగతనంగా సరిహద్దు దాటించి, అక్కణ్ణించి సబ్బులు తెచ్చి అమ్మేది. కొడుక్కి కూడా సైకిలిచ్చి ఆ పని నేర్పాలని చూసింది గానీ పిల్లాడి ధ్యాసంతా బడి మీదే. స్కాలర్‌షిప్పుల మీద చదువుకుంటూ పోయి, కంపాలాలోని మకెరెరె విశ్వవిద్యాలయంలో డాక్టరయ్యాడు. 1983లో ఇంటర్న్‌గా గులు పట్టణం పక్కనున్న లాచోర్‌లో సెయింట్ మేరీస్ ఆసుపత్రికి వచ్చాడు.

లాచోర్ ఆసుపత్రిని 1959లో కొంబోని మిషనరీలు మొదలుపెట్టారు. దాన్ని పెంచి పెద్ద చేసింది ఒక దంపతులు. భర్త పియెరో కోర్తి ఇటలీ నుంచి వచ్చిన పిల్లల డాక్టరు. భార్య లూసిల్ టీస్‌డేల్ కెనడా నుంచి వచ్చిన సర్జను. 1961లో వచ్చారు, అక్కడే పెళ్ళి చేసుకున్నారు, అక్కడే ఉండిపోయారు. లూసిల్ తన జీవితంలో పదమూడు వేలకు పైగా ఆపరేషన్లు చేసిందంటారు. యుద్ధంలో గాయపడ్డవాళ్ళకి ఆపరేషన్లు చేస్తూ, విరిగిన ఎముకల ముక్కలు గ్లవుజుల్ని చీల్చుకుని చేతికి గుచ్చుకోవడం వల్ల హెచ్‌ఐవీ సోకింది. 1985లో ఆ సంగతి తెలిసింది. తెలిశాక కూడా ఇంకో పదకొండేళ్ళు బతికింది, అందులో చాలా ఏళ్ళు పనిచేస్తూనే. 1996 ఆగస్టు 1న చనిపోయింది.

విదేశాల నుంచి వచ్చి ఆఫ్రికాలో సేవ చేసిన డాక్టర్ల కథలు మనం చాలా విన్నాం. వాటిలో తరచుగా మిగిలిపోయే ప్రశ్న ఒకటుంది: వాళ్ళు పోయాక ఆ ఆసుపత్రి ఏమవుతుంది? కోర్తి దంపతులు ఆ ప్రశ్నని ముందే వేసుకున్నారు. లుక్వియా వచ్చిన మూడు నెలలకే, తమ తర్వాత ఈ ఆసుపత్రి ఈ కుర్రాడి చేతికే వెళ్ళాలని అనుకున్నారు. ఆ నిర్ణయం నాకు వాళ్ళు చేసిన ఆపరేషన్లంత గొప్పగానూ అనిపిస్తుంది.

*

1986లో ముసెవెని అధికారంలోకి వచ్చాక అచోలి ప్రాంతం తిరుగుబాట్లలో చిక్కుకుంది. జోసెఫ్ కోని మనుషులు ఊళ్ళ మీద పడి పిల్లల్ని ఎత్తుకుపోయేవారు. 1989 గుడ్ ఫ్రైడే నాడు తిరుగుబాటుదార్లు లాచోర్ ఆసుపత్రికొచ్చారు. ఇటాలియన్ సిస్టర్లని తీసుకుపోతామన్నారు. లుక్వియా అడ్డం వెళ్ళి, వాళ్ళ బదులు నన్ను తీసుకుపొమ్మన్నాడు. వాళ్ళు అలాగే చేశారు. డాక్టరు కోటుతోనే ఓ వారం పాటు అడవుల్లో నడిపించి, తర్వాత వదిలిపెట్టారు.

తిరిగొచ్చాక ఆసుపత్రి గేట్లు జనానికి తెరిచిపెట్టాడు. చీకటి పడేసరికి చుట్టుపక్కల పల్లెల వాళ్ళు పిల్లల్ని, చాపల్ని, గిన్నెల్ని చంకనేసుకుని వచ్చి ఆసుపత్రి ఆవరణలో పడుకునేవారు. తెల్లారితే ఇళ్ళకి పోయేవారు. వందలు వేలయ్యాయి. మధ్యలో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కి వెళ్ళి పిల్లల వైద్యంలో పైచదువు పూర్తి చేశాడు. క్లాసులో మొదటివాడు. అక్కడే ఉండి పాఠాలు చెప్పమన్నారు. వద్దని వచ్చేశాడు. హైదరాబాద్ నుంచి పైచదువులకెళ్ళి అక్కడే ఉండిపోయిన స్నేహితుల పేర్లు నా ఫోన్‌లో ఓ ముప్ఫై ఉంటాయి. వాళ్ళని తప్పుపట్టే అర్హత నాకు లేదు. బెంగళూరు దాటి వెనక్కి రాలేకపోయినవాణ్ణి నేను. అయినా ఈ 'వద్దని వచ్చేశాడు' అనే రెండు మాటల దగ్గర ప్రతిసారీ కాసేపు ఆగుతాను.

లూసిల్ పోయాక ఆసుపత్రి బాధ్యత ఆయన మీద పడింది. 1998 డిసెంబరులో ప్రజారోగ్యంలో మాస్టర్స్ చెయ్యడానికి మళ్ళీ మకెరెరెకి వెళ్ళాడు. భార్య మార్గరెట్, ఐదుగురు పిల్లలు, కంపాలాలో కాపురం. యుద్ధానికి దూరంగా, బహుశా వాళ్ళ జీవితంలో మొదటిసారి కాస్త ప్రశాంతంగా.

*

2000 అక్టోబరు 7, శనివారం. లాచోర్ నుంచి ఫోనొచ్చింది. ఆయన స్థానంలో ఆసుపత్రిని చూస్తున్న డాక్టర్ సిప్రియన్ ఒపిరా చేశాడు. ఏదో తెలియని జబ్బు, నర్సింగ్ విద్యార్థులు ఇద్దరు చనిపోయారు, రమ్మన్నాడు. కంపాలా నుంచి గులు మూడొందల కిలోమీటర్ల పైమాటే. ఆ సాయంత్రానికల్లా లుక్వియా లాచోర్‌లో ఉన్నాడు.

అప్పటికి ఇంకో నర్సింగ్ విద్యార్థి చావుబతుకుల్లో ఉన్నాడు. ఆసుపత్రిలోని ఒక సిస్టరుతో కలిసి, ఈమధ్య అలాగే అనుమానాస్పదంగా చనిపోయిన వాళ్ళ కేస్ షీట్లన్నీ బయటకు తీశాడు. పదిహేడు తేలాయి. రాత్రంతా కూర్చుని అవి చదివాడు, పక్కన పుస్తకాలు తెరిచి పెట్టుకుని.

నేను చేసే ఉద్యోగంలో రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయిందని ఫోనొస్తుంది. లేచి మొదట చేసేది లాగ్స్ తెరవడం. ఒక్కో లైను విడిగా చూస్తే ఏమీ తెలీదు. నాలుగు మెషీన్ల లాగ్స్ పక్కపక్కన పెట్టి, ఏది ముందు, ఏది తర్వాత అని చూసుకుంటూ పోతే ఒకచోట చిక్కుముడి విడుతుంది. మా దగ్గర ఎవరి ప్రాణాలూ పోవు కాబట్టి ఈ పోలికని ఎక్కువ దూరం లాగను. కానీ ఆ చదవడం ఎలాంటిదో మాత్రం కొంచెం ఊహించగలను. గులులో ఆ రోజుల్లో జ్వరమొచ్చి మనిషి చచ్చిపోవడానికి వంద కారణాలున్నాయి. మలేరియా, టైఫాయిడ్, మెనింజైటిస్, ఎయిడ్స్. ఏ ఒక్క కేస్ షీటు తీసినా వీటిలో ఏదో ఒకటి రాసి మూసెయ్యొచ్చు. పదిహేడూ కలిపి చదివితేనే ఇంకేదో కనబడుతుంది: మందులు పనిచెయ్యకపోవడం, రక్తస్రావం, సేవ చేసినవాళ్ళే మళ్ళీ మంచమెక్కడం. తెల్లారేసరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇది రక్తస్రావంతో చంపే వైరస్ జ్వరాల్లో ఒకటి. బహుశా ఎబోలా.

ఉగాండాలో అంతకుముందు ఎప్పుడూ ఎబోలా వచ్చినట్టు రికార్డుల్లో లేదు. లాబ్ రిపోర్టు లేదు. తప్పని తేలితే నవ్వులపాలు, అనవసరంగా జనాన్ని బెదరగొట్టిన పేరు. నిబంధనల ప్రకారం పై అధికారులకు ఒక్కో మెట్టే చెప్పుకుంటూ పోవాలి. ఆయన అవన్నీ దాటేసి నేరుగా కంపాలాలోని ఆరోగ్య శాఖ అధికారి సామ్ ఒక్వారెకి ఫోన్ చేశాడు. రక్త నమూనాలు దక్షిణాఫ్రికా వెళ్ళాయి. ఎబోలాయే, సూడాన్ రకం, అని నిర్ధారణ కావడానికి వారం పట్టింది. ఆ వారం ఆయన రిపోర్టు కోసం కూర్చోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి జబ్బులకి సూచించిన పద్ధతిలో విడిగా ఒక వార్డు ఏర్పాటు చేశాడు. అందులో పనిచెయ్యడానికి తమంతట తాము ముందుకొచ్చిన వాళ్ళనే తీసుకున్నాడు. గౌన్లు, మాస్కులు, గ్లవుజులు, బ్లీచింగ్ నీళ్ళు. విదేశీ నిపుణులు దిగేసరికి వార్డు నడుస్తోంది.

ఇదంతా ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే 1976లోకి వెళ్ళాలి. ఆ ఏడు అప్పటి జైర్‌లోని యంబుకు అనే ఊళ్ళో మిషన్ ఆసుపత్రి ఉండేది. రోజుకి ఐదు సిరంజిలు. వాటినే కడిగి కడిగి వందలమందికి వాడేవారు. ఎబోలా అని తర్వాత పేరు పెట్టిన ఆ జబ్బు అక్కడ 318 మందికి వస్తే 280 మంది చనిపోయారు. ఆసుపత్రి సిబ్బందిలోనే పదకొండు మంది పోయి, ఆసుపత్రి మూతపడింది. అంటే, జాగ్రత్త లేని ఆసుపత్రి ఈ జబ్బుకి మందు కాదు, విత్తనం. లాచోర్ యంబుకు కాకుండా ఆపింది ఆ రాత్రి చదువు, ఆ ఫోను, ఆ వార్డు.

*

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. ఆ సమయంలో గులులో తిరిగిన బ్యారీ హ్యూలెట్ అనే మానవశాస్త్రవేత్త అచోలి పల్లెల్లో ఒక ఆచారాన్ని నమోదు చేశాడు. ఉన్నట్టుండి వచ్చి ఊరిని చుట్టుముట్టే జబ్బుని అచోలీలు 'గెమో' అంటారు. గాలిలా వచ్చే ఒక చెడ్డ శక్తి. గెమో వచ్చిందని పెద్దలు తేల్చాక ఊరి పద్ధతులు మారిపోతాయి. రోగిని దూరంగా వేరే ఇంట్లో ఉంచాలి. అంతకుముందు ఆ జబ్బొచ్చి బతికినవాళ్ళు ఉంటే వాళ్ళే తిండి పెట్టి చూసుకోవాలి. ఆ ఇంటికి అటూ ఇటూ పొడుగాటి గడ్డికర్రలు పాతి గుర్తు పెట్టాలి. ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరికి పోకూడదు. తగ్గినవాళ్ళు కూడా ఇంకో నెల అలాగే విడిగా ఉండాలి.

ఇది చదువుతుంటే మా నాయనమ్మ చెప్పిన మశూచి రోజులు గుర్తొచ్చాయి. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపాకు కట్టేవారట. చూసినవాళ్ళు లోపలికి అడుగుపెట్టేవారు కాదు. మనం వాటిని మూఢనమ్మకాల లెక్కలో వేసేశాం. అందులో నమ్మకమూ ఉంది, అనుభవమూ ఉంది. గులులోనూ అంతే: శవానికి స్నానం చేయించి, తాకి సాగనంపే అలవాటు జబ్బుని పెంచింది. గెమో కట్టుబాటు తగ్గించింది. రెండూ ఒకే ఊరి ఆచారాలే.

*

ఇప్పుడు నన్ను ఇబ్బంది పెట్టే చోటికి వస్తాను.

నవంబరుకల్లా జబ్బు కొంచెం తగ్గుతున్నట్టే కనబడింది. లాచోర్‌లో మాత్రం నర్సులు చనిపోతూనే ఉన్నారు. జాగ్రత్తలన్నీ తీసుకున్నా పోతున్నారు. ఒకే రోజులో ఏడుగురు రోగులు చనిపోతే అందులో ముగ్గురు ఆరోగ్య సిబ్బంది. దాంతో తిరుగుబాటు జరిగింది. నాలుగొందల మంది దాకా సిబ్బంది పని ఆపి నర్సింగ్ స్కూల్ హాల్లో చేరారు. లుక్వియా పరిగెత్తుకొచ్చి, ఏం కావాలని అడిగాడు. ఆసుపత్రి మూసెయ్యమన్నారు.

ఆయన జవాబు రెండు ముక్కల్లో ఉంటుంది. ఆసుపత్రి మూస్తే తను గులు వదిలి వెళ్ళిపోతాననీ, మళ్ళీ రాననీ అన్నాడు. 1989లో సిస్టర్ల బదులు తను ఎందుకు వెళ్ళాడో చెప్పాడు: వెళ్ళకపోతే జరగబోయే చావులకి తనే బాధ్యుణ్ణి అవుతానని. గంటల తరబడి మాటలు నడిచాయి. చివరికి సభ పాటతో ముగిసింది. ఎక్కువమంది వార్డులకి తిరిగి వెళ్ళారు.

ఈ ఘట్టాన్ని గొప్ప నాయకత్వానికి ఉదాహరణగా చెప్తారు. మొదటిసారి చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. తర్వాత అక్క మెసేజ్ గుర్తొచ్చింది. ఆ హాల్లో కూర్చున్న ఇరవై రెండేళ్ళ నర్సు తరఫునుంచి ఆలోచిస్తే? తోటివాళ్ళని నిన్ననే పాతిపెట్టి వచ్చింది. జీతం తక్కువ. ఇంట్లో తమ్ముళ్ళో, పిల్లలో ఉంటారు. ఎదురుగా నిలబడ్డ మనిషి తను దేవుడిలా చూసే డాక్టరు. ఆయన వెళ్ళిపోతానంటున్నాడు. ఆ మాటకి ఎదురు చెప్పడం ఎవరి వల్ల అవుతుంది? మనల్ని ప్రేమించేవాళ్ళు అడిగినప్పుడు కాదనడం కష్టం. మనం ప్రేమించేవాళ్ళు అడిగితే ఇంకా కష్టం.

అయితే ఆయన చెప్పింది అబద్ధం కూడా కాదు. ఆసుపత్రి మూసేస్తే రోగులు ఇళ్ళలో చచ్చేవారు, ఇళ్ళవాళ్ళకి అంటించి మరీ. తను సురక్షితంగా ఆఫీసులో కూర్చుని వాళ్ళని వార్డులోకి తొయ్యలేదు. రోజూ వాళ్ళతోపాటు లోపలికి వెళ్ళాడు. అందుకే వాళ్ళు విన్నారు. చాలాసార్లు అటూ ఇటూ ఆలోచించాక నాకు తేలిందిది: ఆయనకి ఆ మాట అడిగే హక్కుంది. మనకి లేదు. దూరంగా ఉండి చదువుతూ, నర్సులు ఉండిపోవడమే సహజమన్నట్టు, అది వాళ్ళ ధర్మమన్నట్టు రాసే హక్కు మనకెవరిచ్చారు? నాలుగొందల మంది మూసెయ్యమని అడిగారు. వాళ్ళు అడిగింది పిరికితనం కాదు. అది కూడా ఈ చరిత్రలో భాగమే.

*

అదే నెలలో ఓ తెల్లవారుజామున లుక్వియాని నిద్ర లేపారు. ఎబోలా సోకిన ఒక నర్సు, ఆ వార్డులో పనిచేసినవాడే, రక్తం కక్కుతూ, ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. లుక్వియా గబగబా గౌను వేసుకున్నాడు, మాస్కు, టోపీ, గ్లవుజులు అన్నీ తొడుక్కున్నాడు. కళ్ళకి అద్దాలు మాత్రం పెట్టుకోలేదు. ఆ నర్సు ఆ ఉదయమే చనిపోయాడు. కొన్ని రోజులకి లుక్వియాకి జ్వరమొచ్చింది. మలేరియా అయ్యుంటుందని అనుకోడానికి ప్రయత్నించాడు. రక్తపరీక్షలో ఎబోలా అని వచ్చింది. తను ఏర్పాటు చేసిన వార్డులోనే ఆయన్ని చేర్చారు. కంపాలా నుంచి మార్గరెట్ వచ్చింది. ఒళ్ళంతా కప్పుకుని, గ్లవుజుల చేతులతోనే భర్తని తాకాల్సి వచ్చింది. డిసెంబరు 5న, నలభై మూడేళ్ళకి, ఆయన చనిపోయాడు. అదే రోజు సాయంత్రం ఆసుపత్రి ఆవరణలో, ఆయన కోరినట్టే లూసిల్ సమాధి పక్కన పాతిపెట్టారు. శవాన్ని ఎవరూ తాకకుండా, స్నానం చేయించకుండా. తను పెట్టిన నిబంధనల ప్రకారమే.

2001 ఫిబ్రవరి 27న వ్యాధి అంతమైనట్టు ప్రకటించారు. మొత్తం 425 మందికి సోకితే 224 మంది చనిపోయారు. అందులో లాచోర్ ఆసుపత్రి సిబ్బందే పదిమందికి పైగా.

ఆ కళ్ళద్దాల గురించి రాసినప్పుడల్లా అందరూ 'తన ప్రాణం సంగతే మర్చిపోయి' అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆయన నిబంధనల మనిషి. పదిహేడు కేస్ షీట్లు చదివి, వార్డు కట్టి, గ్లవుజు ఎలా విప్పాలో అందరికీ నేర్పినవాడు. అలాంటివాడు ఒక వస్తువు మర్చిపోవడం త్యాగం కాదు. అలసట. ఒక్కడే మనిషి మీద మొత్తం ఆనుకుని ఉన్న చోట, ఏదో ఒక తెల్లవారుజామున జరిగి తీరేదే జరిగింది. మా భాషలో దీనికి 'సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్' అని పేరు. సర్వర్ విషయంలో అలా కట్టినవాణ్ణి తిడతాం. మనిషి విషయంలో విగ్రహం కడతాం.

లాచోర్ మాత్రం విగ్రహంతో ఆగిపోలేదు. ఆ శనివారం ఫోన్ చేసిన ఒపిరా ఆసుపత్రిని ముందుకి నడిపాడు. ఈనాడు అక్కడ గులు విశ్వవిద్యాలయం మెడికల్ విద్యార్థులు చదువుకుంటారు. 2003లో పోయిన పియెరో కోర్తి సమాధి కూడా అక్కడే ఉంది, లూసిల్ పక్కన, మాథ్యూ పక్కన. ఆ ఆసుపత్రిలో ఒకరి తర్వాత ఒకరు రావడానికి చోటు ఎప్పుడూ ఉంది. నాకు డాక్టర్ మాథ్యూ మిగిల్చినవాటిలో అన్నిటికంటే విలువైనది అదే అనిపిస్తుంది.

2025 జనవరిలో కంపాలాలో మళ్ళీ సూడాన్ రకం ఎబోలా బయటపడింది. పాతికేళ్ళు గడిచినా ఆ రకానికి ఆమోదం పొందిన టీకా లేదు. మొదటగా గుర్తించిన రోగి ముప్ఫై రెండేళ్ళ మగ నర్సు. చనిపోయాడు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అక్కకి ఈ కథంతా చెప్పాను. అరిసెలు డబ్బాలో సర్దుతూ వింది. సిస్టర్ల బదులు వెళ్ళిన సంగతికి తలూపింది. హాల్లో జరిగిన గొడవ దగ్గర చేతులు ఆపింది గానీ ఏమీ అనలేదు. కళ్ళద్దాల దగ్గరికొచ్చేసరికి అడిగింది:

"అప్పటికి ఎన్ని గంటలైంది ఆయన డ్యూటీ ఎక్కి?"

"గంటలు కాదక్కా. ఆరు వారాలు."

"మరి మర్చిపోక ఏం చేస్తాడు" అని డబ్బా మూత పెట్టింది.